ఆకాశపు లెక్కకు నేల సాక్ష్యము



రాయలసీమలోని మెట్టపొలమొకదానిపై నిన్నటి దినమున ఎంత ఎండ కాసినదని ఎవరైన అడిగినచో, మాడు పగులునట్లు కాసినదనియో, మబ్బు పట్టుటచే మందముగా కాసినదనియో చెప్పి ఊరకుండుట లోకసహజము. కాని ఆ ఎండనే ఆధారముగా చేసికొని విద్యుత్తు పుట్టింపదలచినవారికిని, పైరునుండియు చెరువునుండియు ఎంత నీరు ఆవిరియై పోవునో లెక్కింపవలసినవారికిని, భూగోళము ఏటేట ఎంత వేడిమిని గ్రహించుచున్నదో కనిపెట్టగోరు శాస్త్రజ్ఞులకును ఆ సమాధానము చాలదు. చదరపు మీటరు నేలపై ఎన్ని వాట్ల సూర్యశక్తి పడినదో వారికి అంకెలలో కావలెను. కర్నూలు చెంత గని, శకునాల గ్రామముల పొలిమేరలలో 2017వ సంవత్సరమున పనిలో ప్రవేశించిన వేయి మెగావాట్ల సౌరవిద్యుత్ క్షేత్రమువంటివానిని తలచుకొన్నచో, ఆ అంకెలో నూటికి రెండు మూడు పాళ్ల తప్పు దొరలినను ఏడాది పొడవున విద్యుత్తు లెక్క ఎంత తారుమారగునో ఊహింపవచ్చును. ఈ అంకెను తెలిసికొనుటకు నేడు మనకు రెండు మార్గములు కలవు. నేలపై నిలిపిన పరికరము చెప్పునది ఒకటి. ఇంచుమించు ముప్పదియారువేల కిలోమీటర్ల ఎత్తున నిలిచి భూమిని కనిపెట్టుచుండు ఉపగ్రహము చెప్పునది మరియొకటి. ఈ రెండింటి మాటలను ఎదురెదురుగా నిలిపి నిగ్గు తేల్చు విధానమును గూర్చి ఈనాడు మనవి చేయుదును.

సూర్యునికి అభిముఖముగా నున్న చదరపు మీటరు వైశాల్యముపై, వాతావరణపు పై అంచున, సగటున 1361 వాట్ల శక్తి ప్రసరించుచున్నది. భూమి సూర్యునికి మిక్కిలి సమీపమున నుండు జనవరి మొదటివారమున ఇది 1400 వాట్లను దాటును. మిక్కిలి దూరమున నుండు జూలై మొదటివారమున 1320 వాట్లకు తగ్గును. ఇంతవరకు గణితము నిశ్చయమైనది. ఏ ఊరికి ఏ ఘడియను సూర్యుడు ఎంత ఎత్తున నుండునో పంచాంగకర్తలు మనకు ఎన్నడో చెప్పియున్నారు. చిక్కంతయు కిరణము వాతావరణములో అడుగిడిన పిమ్మటనే మొదలగుచున్నది. నీటి ఆవిరి దానిలో కొంత పీల్చుకొనును, ధూళియు పొగయు కొంత చెదరగొట్టును, మేఘము పెద్ద భాగమును వచ్చిన దారినే వెనుకకు త్రిప్పి పంపును. నిర్మలమైన మధ్యాహ్నమున వేయి వాట్లు నేలకు దిగు చోటనే, కారుమబ్బు కమ్మిన మధ్యాహ్నమున నూరు వాట్లు దిగుటయు కష్టమగును.

ఈ తరుగుదలను నేలపైనుండి కొలుచు ప్రయత్నములు ప్రాచీనమైనవి. 1853లో క్యాంబెల్ అను స్కాట్లండు విద్వాంసుడు నీటితో నింపిన గాజుగోళమును కొయ్యగిన్నెలో నిలిపి, ఎండ కాయునంతసేపు ఆ గిన్నె కాలిన జాడను గుర్తుగా గైకొనెను. 1879లో స్టోక్స్ అను శాస్త్రజ్ఞుడు దానికి లోహపు చట్రమును, కాగితపు అట్టలను సమకూర్చెను. గాజుగుండు క్రింద అట్టపై కాలిన గీతను కొలిచి ఎన్ని గంటలు ఎండ కాసెనో వ్రాసికొను పద్ధతి అనేక వాతావరణ కేంద్రములలో తరతరములుగా సాగినది. అయినను అది ఎండ కాసిన కాలమును చెప్పునే గాని, కాసిన ఎండ పరిమాణమును చెప్పజాలదు. పరిమాణమును చెప్పునది పైరనోమీటరు. రెండు గాజు గుమ్మటముల క్రింద నల్లని పూత పూసిన చిన్న బిళ్ల యొకటి ఉండును; ఎండ సోకగనే ఆ బిళ్ల వేడెక్కును; ఆ వేడిమికిని క్రిందనున్న లోహపు దిమ్మె చల్లదనమునకును గల భేదముచే అతిస్వల్పమైన విద్యుత్తు పుట్టును. వాటు ఒక్కింటికి వోల్టులో పదిలక్షలవ వంతులు ఏ పదియో కలుగును. దానిని కొలిచినచో ఎండను కొలిచినట్లే. సూర్యబింబమునుండి నేరుగా వచ్చు కిరణమును మాత్రమే గొట్టముద్వారా పట్టి కొలుచు పైర్హీలియోమీటరు వేరొకటి కలదు. అది ఉదయమునుండి అస్తమయము వరకు సూర్యుని వెంబడించి తిరుగుచుండవలెను. సూర్యబింబమునకు నీడ యడ్డి, తక్కిన ఆకాశమునుండి వచ్చు చెదరిన వెలుగును మాత్రమే కొలుచు పరికరము మూడవది. ఈ మూడును ఒకేచోట నున్నచో, నేరు కిరణమునకు సూర్యుని ఎత్తును బట్టి వచ్చు పాలును, చెదరిన వెలుగును కూడినప్పుడు మొత్తపు అంకె రావలెను. రాలేదన్నచో మూడింటిలో ఏదో ఒకటి అబద్ధమాడుచున్నదని తెలియును. ఇది పరికరములు తమను తామే పరీక్షించుకొను చక్కని ఉపాయము.

కొలబద్దకు కొలబద్ద యేది యను ప్రశ్న ఇచ్చట సహజముగా పుట్టును. ఇరువదవ శతాబ్ది పూర్వభాగమున ఐరోపావారు స్వీడనుదేశీయుడైన ఆంగ్‌స్ట్రామ్ ఏర్పరచిన ప్రమాణమును, అమెరికావారు స్మిత్సోనియన్ సంస్థవారి ప్రమాణమును అనుసరించుచుండిరి. ఈ రెండును ఏకీభవింపలేదు. 1956లో మొదటిదానికి నూటికి ఒకటిన్నర పాలు చేర్చి, రెండవదానినుండి రెండు పాళ్లు తీసివేసి, ఉమ్మడి ప్రమాణము నొకదానిని నిర్ణయించిరి. తరువాతికాలమున స్విట్జర్లాండులోని దావోస్ పర్వతనగరమున, లోతైన నల్లని కుహరములలో కిరణమును బంధించి కొలుచు నిరపేక్ష పరికరముల సమూహము ప్రపంచమునకంతకు ప్రమాణముగా నిలిచినది. అప్పుడు 1956 నాటి ఉమ్మడి ప్రమాణమును సైతము రెండు శాతమునకు పైగా సవరింపవలసి వచ్చెను. అయిదేండ్ల కొకసారి నానాదేశముల వారు తమ తమ పరికరములను దావోసుకు కొనిపోయి, ఒకే సూర్యుని క్రింద వరుసగా నిలిపి సరిచూచుకొందురు. ప్రపంచమున ఏ మూలనైన ఎండ ఇంత యని వ్రాసిన అంకెకు మూలము చివరకు ఆ కొండమీది వరుసయే.

మన దేశమున ఈ శాస్త్రమునకు పునాది వేసిన మహనీయురాలు అన్నా మణి. కేరళదేశమున పీరుమేడులో 1918లో జన్మించి, బెంగుళూరులో చంద్రశేఖర వేంకటరామన్ గారి ప్రయోగశాలలో వజ్రముల వెలుగును పరిశీలించి, ఇంగ్లండునకు పోయి వాతావరణ పరికరముల విద్యను అభ్యసించి వచ్చి, 1948లో పూనాయందలి వాతావరణశాఖలో ఆమె ప్రవేశించెను. పరికరములన్నియు విదేశములనుండి తెప్పించుకొనవలసిన దినములవి. వానిని మన కర్మాగారములలోనే తయారుచేయించి, ఒక్కొక్కదానిని ప్రమాణముతో సరిచూపించి, తప్పు కొలత లేకయుండుటకన్న హీనమని తన సిబ్బందికి నేర్పి, 1957–58లో జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరపు సందర్భమున దేశమందంతట సౌరవికిరణ కేంద్రముల నెలకొల్పుటకు ఆమె సారథ్యము వహించెను. మన విశాఖపట్టణమునను అట్టి కేంద్రము ఏర్పడినది. ఆ కేంద్రముల అంకెలను క్రోడీకరించి 1980ల ఆరంభమున ఆమె ప్రకటించిన గ్రంథములే చాలకాలమువరకు ఈ దేశమున సౌరశక్తిని గూర్చి యోచించు ఇంజనీర్లకు శరణ్యములై యుండెను. ఎండను అమ్ముకొని బ్రతుకువారు ఎవరును లేని దినములలో, రాబోవు తరమునకు కావలసి వచ్చునని ఎండను అంత శ్రద్ధగా కొలిపించిన ఆమె దూరదృష్టికి మన ఋణము తీరునది కాదు.

అయితే ఎంత శ్రద్ధ వహించినను, దేశవైశాల్యమునకు ఈ కేంద్రములు బహు స్వల్పములు. ఒక కేంద్రమునకును మరియొకదానికిని నడుమ వందల కిలోమీటర్లు. ఆ నడుమ కొండలు, లోయలు, సముద్రతీరములు, ఒక్కొక్కచోట ఒక్కొక్క తీరు మబ్బు. విశాఖపట్టణపు అంకెను బట్టి అరకులోయ ఎండను చెప్పజూచుట సాహసము. ఈ లోపమును తీర్చుటకే ఉపగ్రహము వచ్చినది. శ్రీహరికోటనుండి 2002 సెప్టెంబరు 12న ఎగసి, అటుపిమ్మట కల్పనా చావ్లా పేరు దాల్చిన కల్పన–1, 2013లో కక్ష్య చేరిన ఇన్సాట్–3డి, 2016లో మరల శ్రీహరికోటనుండియే వెడలిన ఇన్సాట్–3డిఆర్, 2024 ఫిబ్రవరిలో వెడలిన ఇన్సాట్–3డిఎస్, ఇవి యన్నియు భూమితో సమముగా తిరుగుచు, మన దేశముపైననే చూపు నిలిపి, అరగంటకొక చిత్రము చొప్పున పంపుటకు నియోగింపబడినవి. వీని దృష్టికి అందని ఊరు లేదు.

కాని ఇచ్చట శ్రోతలు ఒక విషయమును సావధానముగా గమనింపవలెను. ఉపగ్రహము నేలపై పడిన ఎండను చూడదు, చూడజాలదు. నేలను, మేఘమును, గాలిలోని ధూళిని తాకి వెనుకకు, ఆకాశమువైపునకు మరలిపోయిన వెలుగు మాత్రమే దాని కంటికి చేరును. తిరిగివచ్చినదానిని బట్టి లోపలికి పోయినది ఇంత యని చెప్పుట అనుమానప్రమాణమే గాని ప్రత్యక్షము కాదు. ఈ అనుమానమునకు రెండు మూడు మార్గములు కలవు. గాలి, ఆవిరి, ధూళి, మేఘబిందువులు కిరణమును ఎట్లు మార్చునో భౌతికసూత్రముల ననుసరించి మొదటినుండి గణించుట ఒకటి. 1980 ప్రాంతమున అమెరికాలో ఇట్టి గణనలకు రూపమేర్పడెను. దానికన్న సులభమై, బహుళముగా వాడుకలోనికి వచ్చిన మార్గము 1986లో ఫ్రాన్సుదేశపు పరిశోధకులు ప్రకటించిన హీలియోశాట్ పద్ధతి. ఒక చోటును నెల పొడవున అదే వేళకు చూచుచున్నప్పుడు కనుపించిన మిక్కిలి తక్కువ మెరుపును మబ్బులేని నేల మెరుపుగా గ్రహింతురు; దట్టమైన మేఘపు తెల్లదనమును రెండవ అవధిగా గ్రహింతురు; ఈ క్షణపు మెరుపు ఆ రెండింటి నడుమ ఎంత దూరమున నున్నదో దానిని బట్టి ఆకాశము ఎంతమేరకు కప్పబడినదో నిర్ణయింతురు. మబ్బులేనిచో ఎంత ఎండ రావలసియుండెనో వేరుగా లెక్కగట్టి, దానిని ఈ కప్పు మేరకు తగ్గింతురు. ఈ ఉపాయము సరళమైనది, సుందరమైనది; అయినను దాని లోపములన్నియు ఆ సరళతనుండియే పుట్టుచున్నవి.

గంగామైదానమున శీతకాలపు పొగమంచును, పొలము లంటించిన పొగను, నగరముల ధూమమును కలిసి వారములకొలది కదలక నిలిచియుండును. నెలలో ఒక్క దినమైనను గాలి శుభ్రపడదు. అట్టిచోట నెలకెల్ల తక్కువ మెరుపుగా ఉపగ్రహము గ్రహించునది నేల మెరుపు కాదు, నేలయు పొగయు కలిసిన మెరుపు. పొగను సైతము నేలలో భాగముగా ఎంచుటచే, ఆకాశము నిర్మలముగా నున్నదని భ్రమించి, నిజమునకన్న అధికమైన ఎండను అది ప్రకటించును. పడమటి కనుమల వాలులలో జూలై ఆగస్టు నెలలయందు ఇంకొక విపరీతము: నెల యంతయు ఆ వేళకు మబ్బు విడువదు గనుక, పలుచని మబ్బే నేలగా లెక్కకు వచ్చును. హిమాలయమున మంచు కప్పిన కొండ మేఘమువలె తెల్లగా నుండుటచే, ఎండ మెండుగా కాయుచున్న తావునకు మబ్బు పట్టెనని వ్రాయును. థారు ఎడారి ఇసుక మెరుపును అట్లే తికమక కలిగించును. ఈ తప్పులలో ఏ యొక్కటియు ఆకాశమునుండి చూచినంతసేపు బయటపడదు. ఎవరో ఒకరు నేలపై నిలిచి కొలిచినప్పుడే తెలియును.

కావున రెండింటిని సరిపోల్చవలెను. సరిపోల్చుట యనిన ఒక పట్టికలోని అంకె ప్రక్కన మరియొక పట్టికలోని అంకెను వ్రాసి తీసివేయుటయే కదా యని తోచవచ్చును. అది అంత సుకరమైనచో దీనికై పండితులు ఇన్ని దశాబ్దములు శ్రమపడియుండరు. మొట్టమొదట కాలమే కలిసిరాదు. మన వాతావరణశాఖవారి పూర్వపు సౌరవికిరణ పట్టికలు స్థానిక సూర్యకాలమును, అనగా సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడే పండ్రెండు గంటలని ఎంచు కాలమును అనుసరించినవి. ఉపగ్రహము గ్రీనిచ్ కాలమును అనుసరించును. గడియారములు దేశకాలమును చూపును. దేశకాలమునకు ఆధారమైన ఎనుబదిరెండున్నర డిగ్రీల రేఖ కాకినాడ చెంతనుండి పోవుచున్నది గనుక అచ్చటివారికి భేదము ఋతువును బట్టి మారు కొన్ని నిమిషములే. జోధ్‌పూరువారికో, దానికి తోడు మరి ముప్పదియెనిమిది నిమిషముల భేదము వచ్చిపడును. ఉదయపు వేళ సూర్యుడు వడివడిగా పైకెక్కునప్పుడు పావుగంట తారుమారైనను అంకెలు పొసగవు. ఇంతేకాక, ఇన్సాట్ ఒక చిత్రమును ఉత్తరమునుండి దక్షిణమునకు గీచుకొనుచు పోవుటకు ఇరువది నిమిషములకు పైగా పట్టును. చిత్రముపై వ్రాసియున్న వేళ ఒకటి, మన ఊరిని నిజముగా చూచిన వేళ మరియొకటి.

తరువాతిది స్థలము. పైరనోమీటరు కొలుచునది అరచేతిలో ఇముడు చోటును. ఉపగ్రహము కొలుచునది ఒక్కొక్క గడికి కొన్ని చదరపు కిలోమీటర్ల నేలను. ఉడికినదో లేదో చూచుటకు కుండలోని ఒక మెతుకు చాలునని మన పెద్దలు చెప్పుదురు. అది అన్నమంతయు ఒకేరీతి ఉడుకునను నమ్మకముపై ఆధారపడిన మాట. దూదిమబ్బులు తేలు ఆకాశము క్రింద నేల ఆ కుండవంటిది కాదు. పరికరముపై నీడ పడిన నిమిషముననే ఫర్లాంగు దూరమున ఎండ మండుచుండవచ్చును. ఉపగ్రహము సగటు చెప్పుచున్నది, పరికరము తన చోటు సంగతి చెప్పుచున్నది. ఇద్దరును సత్యమే పలుకుచు వేర్వేరు అంకెలు పలుకుచున్నారు. మబ్బు అంచున మరియొక వింత కలదు. సూర్యబింబము విడివడియుండి, ప్రక్కనున్న తెల్లని మబ్బుగోడలు సైతము వెలుగును క్రిందికి త్రోసినప్పుడు, కొన్ని క్షణములు నేలపై పడు ఎండ వాతావరణపు పై అంచున నుండు 1361 వాట్లను కూడ మించుట కలదు. పరికరము చెడినదని తొందరపడి ఆ అంకెను కొట్టివేయువాడు ప్రకృతి చెప్పిన నిజమునే కొట్టివేయుచున్నాడు.

చూపు ఏటవాలుతనమును విస్మరింపరాదు. ఇన్సాట్–3డి ఎనుబదిరెండవ డిగ్రీ తూర్పురేఖపైన, విషువద్రేఖకు నేరుగా నిలిచినది. కృష్ణాతీరమును అది దక్షిణమునుండి కొంత ఓరగా చూచును. అందుచే పది కిలోమీటర్ల ఎత్తున నున్న మేఘశిఖరము దాని చిత్రములో మూడు కిలోమీటర్లు ఉత్తరమునకు జరిగినట్లు కనుపించును. హిందూమహాసముద్రముపై ఏబదియేడున్నర డిగ్రీల యొద్ద చిరకాలము నిలిచి మన దేశమును చూచిన ఐరోపావారి మెటియోశాట్–7కు ఆ జరుగుడు అంతకు రెట్టింపు. మేఘపు నీడ మరల వేరొకచోట పడును. ప్రొద్దున పడమటికి, సాయంకాలమున తూర్పునకు. కనుక ఉపగ్రహము మేఘమును చూచిన గడియు, నేల నీడను అనుభవించిన గడియు ఒకటి కాకపోవుట ఆశ్చర్యము కాదు.

వీని నన్నిటిని సవరించిన పిమ్మట మిగులునదే నిజమైన భేదము. దానిని పండితులు రెండు విధముల తూచుదురు. ఎక్కువలును తక్కువలును ఒకదానినొకటి కొట్టివేయగా చివరకు మిగులు సగటు భేదమొకటి. ఇది ఉపగ్రహము నిలకడగా ఎక్కువ చెప్పుచున్నదా, తక్కువ చెప్పుచున్నదా యను సంగతిని తెలుపును. దిశతో నిమిత్తము లేక అంకెలు ఎంత చెదరియున్నవో చెప్పు భేదము రెండవది. గంటగంట అంకెలను పోల్చినప్పుడు ఈ చెదురు ఇరువది శాతము వరకు ఉండుట సామాన్యము. దినపు మొత్తములలో అది సగమునకు తగ్గును. నెల సగటులలో మరల సగమగును. 1983 మొదలుకొని మెటియోశాట్ చిత్రములనుండి ఐరోపావారు కూర్చిన దీర్ఘకాలపు పట్టికను ఉత్తమమైన నేలకేంద్రములతో పోల్చినప్పుడు, నెల సగటులో భేదము చదరపు మీటరుకు అయిదు వాట్ల చేరువకు వచ్చినది. ఇది మిక్కిలి మెచ్చదగిన సాఫల్యము. కాని సూర్యబింబమునుండి నేరుగా వచ్చు కిరణమును విడదీసి చెప్పుమన్నచో ఉపగ్రహము ఇంత నేర్పు చూపజాలదు. ధూళి చెదరగొట్టిన వెలుగులో అధికభాగము ఎట్లును నేలకే చేరును గనుక మొత్తము పెద్దగా మారదు, నేరు కిరణము మాత్రము గణనీయముగా క్షీణించును. అద్దములతో సూర్యుని కేంద్రీకరించు యంత్రశాలలవారు ఇందుచేతనే ఎక్కువ జాగరూకులై యుండవలసి వచ్చుచున్నది.

ఇంతవరకు నేను నేలను న్యాయాధిపతిగాను, ఆకాశమును ముద్దాయిగాను నిలిపి మాటలాడితిని. న్యాయాధిపతిని సైతము పరీక్షింపవలసియున్నది. గాజుగుమ్మటముపై దుమ్ము పేరుకొనును. తెల్లవారుజామున మంచుబిందువులు నిలుచును. పక్షి వచ్చి వ్రాలును. దిమ్మె ఒకింత వాలినచో ఉదయ సాయంకాలముల అంకెలు తలక్రిందులగును. నల్లని పూత ఏటేట మసకబారును. నిర్మలాకాశము క్రింద గుమ్మటము తన వేడిమిని పైకి వెలిగ్రక్కి చల్లబడుటచే, నడిరేయి సూర్యుడు లేనప్పుడు కొన్ని పరికరములు సున్నకు బదులు సున్నకు దిగువ రెండు మూడు వాట్లు చూపును. ఆ తప్పు పగటివేళ కూడ లోలోపల పనిచేయుచునే యుండును. ప్రతిదినము మెత్తని గుడ్డతో ఆ గాజును తుడిచి, తుడిచిన వేళను పుస్తకములో వ్రాయు సామాన్యోద్యోగి ఈ శాస్త్రమున మహాపండితునితో సమానుడని నా దృఢమైన అభిప్రాయము. అతడు వారము దినములు ఏమరినచో, ఎంత గొప్ప ఉపగ్రహమును పరీక్షించుటకును ఆ అంకెలు పనికిరావు.

ఈ క్రమశిక్షణను ప్రపంచవ్యాప్తముగా నెలకొల్పుటకై 1992లో ఒక ప్రత్యేక కేంద్రమాల తన పని నారంభించినది. బేస్‌లైన్ కేంద్రమాల యని దానికి పేరు. ధ్రువప్రాంతపు మంచునుండి సహారా ఎడారిలోని తమన్‌రస్సెత్ వరకు గల దాని కేంద్రములలో నిమిషమునకొక అంకె చొప్పున వ్రాయుదురు. మూడు విధముల కొలతలను పరస్పరము సరిచూతురు. అసంభవమైన అంకెలను గుర్తించి ముద్రవేయుదురు. మన దేశమునుండి చెన్నై సమీపమునగల తిరువళ్లూరు, గురుగ్రామము, గాంధీనగరము, హౌరా కేంద్రములు దీనిలో చేరినవి. చెన్నైయందలి పవనశక్తి సంస్థవారు 2011లో ఏబదియొక్క కేంద్రములతో ఆరంభించి, పిదప వానిని రెట్టింపునకు మించి పెంచిన సౌరవికిరణ కేంద్రమాల నుండి ఈ శ్రేష్ఠకేంద్రములు వెలసినవి. మన తెలుగునేలను కూడ ఆ మాల స్పృశించినది.

ఇట్టి కేంద్రములవలన కలిగిన ఫలము చిన్నది కాదు. భూగోళమంతటిపై సగటున ఎంత సూర్యశక్తి నేలకు చేరుచున్నదని లెక్కించినప్పుడు, 1997లో ప్రసిద్ధమైన ఒక గణన చదరపు మీటరుకు 198 వాట్లని చెప్పెను. నేలకేంద్రముల సాక్ష్యమును గౌరవించి చేసిన తరువాతి గణనలు దానిని 185 వాట్ల చేరువకు దింపినవి. భూమి వేడెక్కుటను గూర్చిన వాదములన్నియు ఒకటి రెండు వాట్ల విషయమై నడచుచుండగా, పదిమూడు వాట్ల సవరణ ఎంతటిదో శ్రోతలే ఊహింతురు గాక. అట్లే, 1950 మొదలు 1980ల వరకు నేలపై పడు ఎండ ప్రపంచమున అనేకప్రాంతములలో క్రమముగా తగ్గినదనియు, ఐరోపావంటి చోట్ల గాలి శుభ్రపడిన కొలది మరల పెరిగినదనియు మొదట కనిపెట్టినది ఉపగ్రహము కాదు. నేలపై దశాబ్దములు ఓపికతో వ్రాసిన పట్టికలే. 1981 నుండి 2004 వరకు మన దేశపు కేంద్రముల అంకెలను పరిశీలించిన పూనా పరిశోధకులు ఏటికి దాదాపు 0.86 వాట్ల చొప్పున ఎండ క్షీణించినదని తేల్చిరి. అన్నా మణి నాటిన విత్తనముల పంటయే ఇది.

అట్లని ఆకాశపు కన్ను నేల కన్నుకు తోడు కాదని కాదు. ఒక కేంద్రపు అంకె ఉపగ్రహపు అంకెనుండి నెలనెలకు కొంచెము కొంచెముగా క్రిందికి జారుచున్నట్లును, చుట్టుపట్ల కేంద్రములలో అట్టి జారుడు లేనట్లును కనుపించినచో, అచ్చట గాజు మురికిపట్టినదనియో, దిమ్మె వాలినదనియో దూరమునుండియే తెలియును. ఇందుకు విరుద్ధముగా, ఒక దినమునుండి అన్ని కేంద్రములతోను ఒకేమారు భేదము పుట్టినచో, పాత ఉపగ్రహము పోయి క్రొత్తది వచ్చుటయో, దాని కంటి చూపు మందగించుటయో కారణమని తెలియును.

ఈ పరస్పర పరీక్షలో వ్యవహారమునకు మిక్కిలి ఉపకరించు భాగము నొకదానిని విన్నవించి ముగింతును. ఒక చోట సౌరక్షేత్రము పెట్టదలచినవారు ముందుగా అచ్చట ఇరువది ఏండ్ల ఎండ లెక్క తెలిసికొనగోరుదురు. అప్పు ఇచ్చు బ్యాంకులును అదియే అడుగును. నేలపై ఇరువది ఏండ్లు కొలుచుచు కూర్చుండుట ఎవరికిని సాధ్యము కాదు; ఉపగ్రహమునకు ఆ ఇరువది ఏండ్ల చిత్రములు సిద్ధముగా నున్నవి, కాని వానిలో ఆ చోటికి ప్రత్యేకమైన నిలకడ తప్పు దాగియున్నది. ఒక్క ఏడాది ఆ చోటనే చక్కగా కొలిచి, ఆ ఏటి ఉపగ్రహపు అంకెలతో పోల్చి, తేలిన తప్పును ఇరువది ఏండ్ల పట్టికకంతకు సవరణగా వర్తింపజేసినచో, నేలకుగల యథార్థతయు ఆకాశమునకుగల దీర్ఘస్మృతియు ఒకే పట్టికలో చేరును. ఇందులో నాకు భయము కలిగించునది తొందరపాటు. నిర్మాణమునకు గడువు ముంచుకొని వచ్చుచున్నదని డిసెంబరునుండి మే వరకు ఆరు నెలలు మాత్రము కొలిచి చాలునని ఊరకుండుటకు మనస్సు పోవును. మన ప్రాంతమున ఆ నెలలలో ఆకాశము నిర్మలముగా నుండుటచే ఉపగ్రహము పెద్దగా తప్పు చెప్పదు, సవరణయు స్వల్పముగానే తేలును. నైరృతి ఋతుపవనము ప్రవేశించి, జూన్ నుండి సెప్టెంబరు వరకు రకరకముల మబ్బులు పొరలు పొరలుగా కదలునప్పుడు కదా దాని లెక్క తప్పుదారి పట్టునది. ఆ నాలుగు నెలలును గాజు తుడిచి, అంకె వ్రాసి, ఒక్క దినమును విడువక కొలిచిన తరువాతనే ఆ చోటికి సవరణ ఇంత యని సంతకము చేయుట న్యాయము.